తెల్లచీరకు తుమ్మచెక్క

అండాలు కాపురానికి వచ్చి నలభై రోజులైంది. ఇల్లు చక్కబడింది, పొయ్యి మాట వింటోంది, ఒక్క చిక్కు మాత్రం తీరలేదు. మొగుణ్ణి ఏమని పిలవాలి? పేరు పెట్టి పిలిస్తే ఆయుష్షు తగ్గుతుందని నల్లగొండలో అవ్వ ఒట్టు వేయించుకుని మరీ పంపింది. పట్నంలో తనతో ఇంటర్మీడియట్ చదివిన కోస్తా పిల్లలు "ఏమండీ" అనడం విన్నది కానీ, ఆ మాట నోట్లోకి రాగానే అండాలుకు నవ్వొచ్చేది. చివరికి "ఇగో!" దగ్గర ఆగింది. దానికి బడిపంతులైన మొగుడు రామచంద్రం "అగో!" అని పలికేవాడు. ఆలంపూర్ మిడిల్ స్కూలు పక్కన రెండు గదుల కిరాయి ఇంట్లో పొద్దున లేచింది మొదలు ఇగోలూ అగోలే.

"మీ ఇద్దరికి పేర్లు లెవ్వా పంతులమ్మా?" అని అడిగేది చాకలి సుక్కమ్మ, బట్టల మూట కట్టుకుంటూ. "మా ఇంట్ల మేకకు గూడ పేరున్నది."

యుద్ధం అయిపోయిన మరుసటి ఎండాకాలం అది. బడికి సెలవులు. మద్రాసు నుంచి ఒక సినిమా కంపెనీ వస్తోందని, తుంగభద్ర ఒడ్డున గుళ్ల దగ్గర నాలుగు రోజులు బొమ్మ తీస్తుందని కబురొచ్చింది. కంపెనీవాళ్లు దిగడానికి బడి ఇమ్మని పై నుంచి హుకుం. బడి తాళాలేమో రామచంద్రం మొలతాడుకు ఉన్నాయి. సినిమాలోకమంతా తన మొగుడి నడుముకు కట్టి ఉన్నట్టు అండాలు ఆ రోజంతా గాలిలో తేలింది.

రైలు దిగి ఎడ్లబండ్ల మీద వాళ్లు వచ్చిన తీరే ఒక కథ. సరిహద్దులో సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి నాకా దగ్గర జవాను సామానంతా సోదా చేస్తూ ఫిల్ము డబ్బాల మూత తీయమన్నాడట. వెలుతురు సోకితే ఫిల్ము చచ్చిపోతుందని ఎంత మొత్తుకున్నా వినకపోతే, కెమెరామాన్ ఆ డబ్బాల మీద బోర్లా పడుకుని, "నన్ను కోసి చూడు నాయనా, వీటిని మాత్రం తెరవకు" అన్నాడట. ఈ సంగతి అండాలు ఆ సాయంత్రంలోగా ఏడిళ్లలో చెప్పి వచ్చింది.

పట్నంలో ఆమె నాలుగు బొమ్మలు చూసింది. బొమ్మ అంటే ఒక నాయిక, ఒక నాయకుడు, వాళ్ల మధ్య దూరే ఒక దుర్మార్గుడు, వెనక ఎక్కడో కెమెరా తిప్పే మనిషి అనుకునేది. తీరా చూస్తే బడిలో దిగినవాళ్లు నలభై ఇద్దరు. తెర మీద కనిపించేది అయిదుగురు. మిగిలిన ముప్పై ఏడుగురికి ఏం పని? అది తెలుసుకోవడమే అండాలు పనైపోయింది. చేటలో బియ్యం పోసుకుని బడి గోడ నీడలో కూర్చుంటే రాళ్లు ఏరినట్టూ ఉండేది, చూసినట్టూ ఉండేది.

"ఇగో! ఆయన ఆమె ముక్కు కొలుస్తాండు!"

"అగో! దర్జీ అయ్యుంటడు. ముక్కుకు రైక కుడ్తడేమో."

దర్జీ కాదు. నాయిక ముక్కు నుంచి కెమెరా అద్దం దాకా టేపు పట్టి కొలవడమే ఆయన ఉద్యోగం. బెత్తెడు తేడా వస్తే మొహం మసకబారుతుందట. ఇంకొకాయన గొడుగు పట్టుకుని తిరిగేవాడు, అది నాయికకు కాదు, కెమెరాకు. నాయిక ఎండలో మాడినా ఫర్వాలేదు, కెమెరా మాడకూడదు. నలుగురు మనుషులు వెండికాగితం అతికించిన పలకలు ఎత్తి పట్టుకుని, ఎక్కడో పడుతున్న ఎండను పట్టుకొచ్చి ఆమె చెంప మీద వేసేవారు. పిలక ఉన్న ఒకాయన నోటుబుక్కులో రాసుకునేవాడు: బిందె ఏ చంకన పెట్టింది, మెట్టు మీద ఏ కాలు ముందు వేసింది. సౌండాయన ఒక బండిలో చెవులకు డిప్పలు తగిలించుకుని కూర్చుని, ఆలంపూర్ చేసే చప్పుళ్లన్నీ వినేవాడు. కాకి అరిస్తే ఆయన మొహం చిట్లించేవాడు. రేవులో బట్ట బాదుతున్న చప్పుడు వినబడితే వెంటనే మనిషిని పంపేవాడు.

"నా బండ సప్పుడు మద్రాసుదాంక ఇనపడ్తదంట, ఆపమంటుండ్రు," అని సుక్కమ్మ ఫిర్యాదు చేసినట్టు చేసి మురిసిపోయింది. ఆ నాలుగు రోజులూ వాళ్లు లేవకముందే తెల్లారగట్ల రేవుకు పోయి పని ముగించుకునేది.

అండాలుకు అన్నిటికన్నా వింతగా తోచింది ఒకటుంది. కంపెనీలో పేర్లు లేవు. "లైటూ, కొంచెం పైకి!" "సౌండూ, సరేనా?" "మేకప్పూ, చెమట!" ఎవరి పని వాళ్ల పేరు.

"గీళ్లు గూడ మీ జాతే," అన్నది సుక్కమ్మ.

వాళ్లలో "బట్టలు" అనే ఒకాయన ఉండేవాడు. మూడో తరగతి గదిలో ట్రంకు పెట్టెల మధ్య కూర్చుని, ఎప్పుడూ ఏదో కుడుతూ, మద్రాసు తెలుగు మాట్లాడేవాడు. మొదటి రోజు మధ్యాహ్నం అండాలు మంచినీళ్లిచ్చి వస్తుంటే ఆయనకు సూది గుచ్చుకుంది. "అబ్బ! గీ సూది పాడుగాను!" అన్నాడు. అండాలు గిరుక్కున తిరిగింది.

"అన్నా, మీది ఏ ఊరు?"

ఆయన వేలు నోట్లో పెట్టుకునే నవ్వాడు. "దొరికిపోయిన గదా. నల్లగొండ. మిషన్ బడి ఎనుక. నా పేరు ఇస్రాయేలు."

"మాది గూడ నల్లగొండనే! బజార్ల మా బాపుది బట్టల దుకాణం."

"కాటమయ్య సేటు బిడ్డవా? ఓయమ్మో! ఆ దుకాణం అరుగు మీదనే నేను మిషన్ కుట్టుడు నేర్సింది. నువ్వు గింతున్నప్పుడు నా కత్తెర ఎత్కపోయి దాసిపెట్టినవు తెలుసా?"

అండాలుకు గుర్తులేదు కానీ, తను చేసే ఉంటుందని నమ్మకం కలిగింది. ఆ క్షణం నుంచి ఆమె చెల్లె, ఆయన అన్న. ఇస్రాయేలు పదకొండేళ్లుగా మద్రాసులో ఎవరి కిందనో బొత్తాలు కుడుతూ వచ్చాడు. బట్టలన్నీ తన చేతికి ఇచ్చిన మొదటి బొమ్మ ఇదే. "గిది సక్కగ పోతే వచ్చే బొమ్మ గూడ నాదే చెల్లె. మా అమ్మ బిక్షమ్మను తీస్కపోయి మద్రాసుల ఇల్లు కిరాయికి తీస్కుంట. పోకుంటే మల్ల బొత్తాలే."

ఆయన దగ్గర ఒక లావు నోటుబుక్కు ఉండేది. ప్రతి బట్ట లోపలి అంచు నుంచి గోరంత ముక్క కత్తిరించి అందులో అతికించి, ఎవరు ఎప్పుడు కట్టారో రాసుకునేవాడు. బట్టల దుకాణంలో పుట్టి పెరిగిన అండాలుకు ఆ బుక్కు చూస్తే పండుగలా ఉండేది.

రెండో రోజు మధ్యాహ్నం నాయిక తెల్లచీర కట్టి బిందెతో ఏటి మెట్లెక్కే ఘట్టం తీశారు. సగమే అయింది. ఎండ వాలిపోయింది. అదే చీరతో ఆమె గుడి గడప దాటే మిగతా సగం మర్నాడు మూడున్నరకు, అదే ఎండలో తీయాలి. ఆ వెంటనే ఆమె రైలెక్కి వెళ్లిపోతుంది. చీరేమో మడతలు పడి నలిగింది. కంపెనీ ఇస్త్రీ మనిషి జ్వరం వచ్చి కర్నూలులో ఆగిపోయాడు.

ఇస్రాయేలు చీర తెచ్చి అండాలు చేతిలో పెట్టాడు. "మీ సాకలామెతోని జర ఇస్త్రీ పెట్టియ్యి చెల్లె. ఉతకొద్దు, ఒట్టి ఇస్త్రీ." ఎందుకు ఉతకొద్దో చెప్పేలోపే అటునుంచి "బట్టలూ!" అని కేక వినబడింది, ఆయన పరుగెత్తాడు.

అండాలు చీర విప్పి చూసింది. మంచి నేత. కానీ తెలుపు తెలుపులా లేదు. పెట్టెలో నాలుగేళ్లు మగ్గినట్టు, లేత బూడిద కలిసినట్టు ఏదో చాయ. పాపం, టైము లేదని ఉతకొద్దన్నాడేమో అనుకుంది. ఇంత మంది చూడబోయే చీర, తన కొత్త కాపురపు ఊరి నుంచి ఇలా మురికిగా పోవడమా? సుక్కమ్మ రాగానే అప్పజెప్పింది.

"ఉతకొద్దన్నడు, ఇస్త్రీ చాలంట."

సుక్కమ్మ చీర కొస పట్టుకుని ముక్కు మీద వేలేసుకుంది. "ఒంటి మీద ఇడిసిన బట్టను ఉతకకుండ ఇస్త్రీ పెట్టుడా? మా అత్త బతికుంటే నా సేతులు ఇరుగగొడ్తుండె. మా ఇంటా వంటా లేదు పంతులమ్మా."

"గది దేశమంతా సూస్తది సుక్కమ్మా. సినిమాల పడ్తది."

"అట్లయితె ఇంకింత!"

అండాలు నవ్వింది. "నీ ఇష్టం," అన్నది.

ఆ రెండు మాటలూ ఎంత పని చేస్తాయో అప్పుడు తెలియలేదు.

మర్నాడు పొద్దెక్కేసరికి సుక్కమ్మ చీరను పసిపాపలా రెండు చేతుల మీద పెట్టుకుని తెచ్చింది. చౌడులో నానబెట్టి, ఆవిరి పట్టి, బండ మీద బాది, ఒక చుక్క నీలి వేసి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసింది. కళ్లు మూసుకోవాలనిపించే తెలుపు. అండాలు ఆ చీర పట్టుకుని బడికి దాదాపు ఎగిరిపోయింది.

ఇస్రాయేలు చూశాడు. నోట్లోని సూది కింద పడింది. చీర అంచు ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఉతికిన్రా?"

"మంచిగ లేదా అన్నా?"

ఆయన జవాబు చెప్పకముందే కెమెరామాన్ గుమ్మంలోకి వచ్చాడు. చీర చూసి మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఏమయ్యా బట్టలూ, ఇది చీరా కాగడానా? దీన్ని ఎండలో నిలబెడితే ఫిల్ము మీద చీర ఉండదు, మంట ఉంటుంది. ఆ మంట పక్కన అమ్మాయి మొహం బొగ్గైపోతుంది. తెల్లగా కనబడాలంటే తెల్లగా ఉండకూడదని నీకు నేను చెప్పాలా? పైగా నిన్న మెట్లెక్కిన చీర ఒకటి, ఇవాళ గడప దాటే చీర ఒకటి!" ఆగి, గొంతు తగ్గించాడు. అరిచినప్పటికన్నా అదే ఎక్కువ భయపెట్టింది. "మూడున్నరకు నిన్నటి చీర కావాలి. రాకపోతే నిన్నటి పనంతా ఏట్లో పోసినట్టే. నువ్వు కూడా ఆ రైలుకే సామాను సర్దుకో."

ఆయన వెళ్లాక ఇస్రాయేలు నోటుబుక్కు తెరిచి, అతికించి ఉన్న ముక్క చూపించాడు. "తెల్ల బట్టను చాయపత్తి నీళ్లల్ల ముంచుత చెల్లె. మురికి గాదు గది. పదకొండేండ్లు నేర్సిన ఇద్దె."

"అన్నా, తప్పు నాది. ఉతకొద్దని నువ్వు చెప్పినవు. 'నీ ఇష్టం' అన్నది నేను."

"పోనియ్యి చెల్లె," అన్నాడు ఇస్రాయేలు. తిట్టి ఉంటే బాగుండేది.

అండాలు ఏడవలేదు. ఏడ్వడానికి టైము లేదు. ఇంటికి పరుగెత్తింది. "ఇగో! చాయపత్తి ఎంతున్నది?"

రామచంద్రం డబ్బా వంచి చూశాడు. రెండు చెంచాలు. కంపెనీ వంటాయన డబ్బా అడుగు తట్టి చూపాడు. అది పొద్దుటి చాయతోనే ఖాళీ. బజారులో చాయపత్తి అమ్మే దుకాణమే లేదు. ఊళ్లో చాయ అలవాటున్న ఇల్లు ఇంకొకటి డాక్టరు గారిది, అక్కడ తాళం. రెండు చెంచాలు కాచి ఒక గుడ్డపీలిక ముంచితే సరిగ్గా ఆ పీలికకే సరిపోయింది.

ఈ గోలంతా విని సుక్కమ్మ బడి గుమ్మం దగ్గరికి వచ్చింది. తను ఉతికిన చీరను తేరిపార చూసింది.

"నా సేతి తెలుపును ఒద్దన్నోళ్లను ఇయ్యాలనే సూస్తున్న," అన్నది. కోపం కాదు, దెబ్బ తగిలిన గొంతు. "ఏది, ఆ రంగు సూపియ్."

ఇస్రాయేలు బుక్కు ముందుకు జరిపాడు. సుక్కమ్మ వంగి ఆ గోరంత ముక్కను చూసింది, వేలితో రుద్దింది, వాసన కూడా చూసింది.

"నా జన్మల మరకలు తీసుడే గని పెట్టుడు ఎరుగ," అని లేచి, కొంగు దోపుకుంది. "గని గీ మరక నాకు ఎరుకే. బెస్త కురుమయ్య ధోతి మీద ఉంటది గిది. వలలకు తుమ్మచెక్క కషాయం పట్టిస్తడు గదా, నీళ్లల్ల మురుగకుంట. ఆ కషాయం తుంపర వడ్డదంటే ఇగ పోదు. పదేండ్ల సంది దానితోని కొట్లాడుతున్న. మొదలు పడ్డనాడు గిట్లనే ఉంటది, లేతగ. పా!"

నలుగురూ ఏటి ఒడ్డుకు దౌడు తీశారు: ముందు సుక్కమ్మ, వెనక చీర గుండెకు పట్టుకుని ఇస్రాయేలు, ఆ వెనక చెప్పులు చేత్తో పట్టుకుని అండాలు, ఆమె వెనక ఏం జరుగుతోందో సగమే తెలిసిన రామచంద్రం.

కురుమయ్య ఒడ్డున కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. పక్కనే పెద్ద కుండలో ముందురోజు కాచిన కషాయం, మాగిన ఎరుపు రంగులో నిలవ ఉంది. సంగతి విని ఆయన వల పక్కన పెట్టి తీరిగ్గా గడ్డం గోక్కున్నాడు.

"పదేండ్ల సంది నా మరకలను తిడ్తివి. ఇయ్యాల గవ్వే మరకలు అడుక్క తినొచ్చినవా సుక్కీ?"

"అడుక్కుంటున్న. ఇస్తవా సస్తవా?"

"ఇస్త తియ్. కుండెడు తీస్కో. ఒక్క షర్తు. ఇగ నా ధోతి గురించి నోరెత్తొద్దు."

"ఇయ్యాల్టికైతె ఎత్తను."

ఇంతలో కంపెనీ వంటాయన సాయం చేద్దామని పెద్ద ఇనుప కడాయి నెత్తిన పెట్టుకుని రొప్పుతూ వచ్చాడు. కషాయం అందులో పోయబోతుంటే సుక్కమ్మ పెట్టిన కేకకు ఏటి అవతలి కొంగలు లేచాయి.

"ఇనుముల పొయ్యకు! తుమ్మచెక్కకు ఇనుము తాకిందంటే సిరా లెక్క నల్లగైతది. ఒక్కసారి ఇనుప బకెట్ల పెట్టి కురుమయ్య ధోతి కర్రెగ జేసిన నేను."

"నువ్వా! నా పెండ్లి ధోతి అది!" అన్నాడు కురుమయ్య.

"ఇత్తడో రాగో గావాలె. పెద్దది. చీరె మడత వడకుండ మునగాలె."

అండాలుకు ఆలోచించే పని లేకుండా పోయింది. ఇంట్లో బాపు పెట్టిన ఇత్తడి గంగాళం ఉంది. మెడ చుట్టూ తన పేరు చెక్కి ఉన్న, చింతపండుతో తోమి, ఇంకా ఒక్కసారి కూడా పొయ్యి ఎక్కించకుండా గదిలో దీపంలా పెట్టుకున్న గంగాళం. "ఇగో!" అన్నది. రామచంద్రం అప్పటికే పరుగులో ఉన్నాడు.

గంజి పోయేదాకా చీరను ముందు ఏటి నీళ్లలో జాడించింది సుక్కమ్మ. గంజి ఉంటే రంగు చారలుగా పట్టుకుంటుందట. గంగాళంలో నీళ్లు పోసి, కషాయం ముంతతో కొలిచి కలిపింది. ఇస్రాయేలు చీర లోపలి అంచు నుంచి నాలుగు పీలికలు కోసి ఇచ్చాడు. మొదటిది మరీ లేత. రెండోది మరీ ముదురు. మూడోది బుక్కులో ముక్క పక్కన పెట్టి ఇస్రాయేలు తల అడ్డంగా ఊపబోతుంటే సుక్కమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"తడి మీద సూడకు. తడిల రెండింతలు కనపడ్తది. ఆరనియ్యి, అప్పుడు మాట్లాడు."

పీలిక ఆరింది. దగ్గరికి వచ్చింది. చీర గంగాళంలోకి దిగింది. సుక్కమ్మ కళ్లు రెప్పవేయకుండా, చేతులు ఆగకుండా తిప్పింది. ఎప్పుడు తీయాలో ఆమెకు ఎవరూ చెప్పలేరు, ఆమె ఎవరికీ చెప్పలేదు. ఒక్కసారి "ఆఁ" అని పైకెత్తేసింది.

అప్పటికి రెండు కావొస్తోంది. ఇక ఆరేయాలి. బండ మీద పరిస్తే కింద తడి నిలిచి మచ్చ పడుతుంది. తాడు మీద వేస్తే తాడు చార పడుతుంది. నాలుగు మూలలా గాల్లో పట్టుకుని నిలబడాలి. ఎవరు? అండాలు బడి వైపు చూసింది. భోజనాలకు కూర్చోబోతున్న కంపెనీ మనుషులు ఒక్కొక్కరే విస్తరి వదిలేసి మెట్లు దిగుతున్నారు. ముక్కు కొలిచే టేపాయన ఒక అంచు పట్టుకున్నాడు. మేకప్పాయన చేతులు కడుక్కుని వచ్చి ఇంకో అంచు. నోటుబుక్కు పిలకాయన, వంటాయన, గొడుగాయన. కురుమయ్య సరే, ఎలాగూ ఉన్నాడు. వెండి పలకల నలుగురూ నాలుగు దిక్కుల నుంచి ఎండను పట్టుకొచ్చి, నాయిక చెంప మీద వేసినంత శ్రద్ధగా ఆ చీర మీద వేశారు. సౌండాయన చెవుల డిప్పలు మెడలో వేసుకుని వచ్చి, పట్టుకోవడానికి జాగా లేక, విసనకర్రతో విసరడం మొదలుపెట్టాడు.

ఎవరూ ఇస్రాయేలును ఒక్క మాట అనలేదు. తప్పెవరిదని అడగలేదు. చీర ఒక కొస పట్టుకుని నిలబడ్డ అండాలుకు అప్పుడు కళ్లు చెమర్చాయి. పట్నంలో నాలుగు బొమ్మలు చూసి, లేచి వచ్చి, నాయిక బాగుందనో బాగులేదనో అనేసింది. ఆ బొమ్మల వెనక కూడా ఇలాగే ఎవరో విస్తరి ముందు నుంచి లేచి ఉంటారు. వాళ్లకు తను ఎప్పుడూ దండం పెట్టలేదు. చేతులు ఖాళీ లేక ఇప్పుడూ పెట్టలేకపోయింది.

"ఇగో, ఎందుకేడుస్తున్నవ్?" అన్నాడు పక్కనున్న రామచంద్రం మెల్లగా.

"అగో, ఎండ," అన్నది.

మూడింటికి చీర ఆరింది. సుక్కమ్మ ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేసి, ఒక తడిగుడ్డ అడ్డం వేసి మడతలు తీసింది. ఇస్రాయేలు బుక్కు తెచ్చి ముక్కను చీర మీద పెట్టాడు. మొహం వాడిపోయింది. ఇప్పటి చీర రంగు ఒక పిసరు ఎరుపు తిరిగింది. చాయపత్తి రంగు వేరు, తుమ్మచెక్క రంగు వేరు. ఎంత లేతదైనా పక్కపక్కన పెడితే తెలిసిపోతోంది.

కెమెరామాన్ వచ్చాడు. మెడలో తాడుకు వేలాడే గుండ్రటి నల్లద్దం కంటికి పెట్టుకున్నాడు. చీర వైపు చూశాడు, ముక్క వైపు చూశాడు, మళ్లీ చీర. ఇస్రాయేలు పెదవులు ప్రార్థనలో కదులుతున్నాయి. సుక్కమ్మ కొంగు నమిలేస్తోంది.

"నిన్నటిదే," అన్నాడు కెమెరామాన్.

"ఎరుపు తిరిగింది గదండీ," అంటూనే ఇస్రాయేలు నాలుక కొరుక్కున్నాడు.

"నీ కంటికి. ఫిల్ముకు ఎరుపూ పసుపూ తెలియవయ్యా, వెలుగెంతో నీడెంతో తెలుసు, అంతే." అండాలు ఆ అద్దం వైపు ఆశగా చూడడం గమనించి, నవ్వి ఆమె చేతికిచ్చాడు. కంటికి పెట్టుకుంటే రంగులన్నీ ఎవరో కడిగేసినట్టు పోయాయి. ఏరు, గుడి, సుక్కమ్మ ఎర్రరైక, అన్నీ మసక వెన్నెలలా ఒకే రంగు. అందులో నిన్నటి ముక్క, నేటి చీర ఒకే నూలులా కలిసిపోయాయి. ఆ అద్దంలోంచి మొగుణ్ణి కూడా ఒకసారి చూసుకుంది. అందులోనూ బాగానే ఉన్నాడు.

మూడున్నరకు నాయిక తెల్లచీరతో గడప దాటింది. ఎండ వచ్చి చీర మీద వాలింది, ఒదిగింది, మంట కాలేదు. రేవు మొత్తం ఊపిరి బిగబట్టింది. ఎక్కడో ఎవరో బట్ట బాదబోతే సుక్కమ్మ పళ్లు బిగించి, గొంతు లేపకుండా, "సప్పుడు జేస్తివా, సంపుత," అన్నది. "కట్" అనగానే మొదట చప్పట్లు కొట్టింది సౌండాయనే.

సాయంత్రం నాయికను రైలుకు పంపాక కెమెరామాన్ మూడో తరగతి గది ముందు ఆగాడు. "వచ్చే బొమ్మకు కూడా బట్టలు నువ్వే చూసుకో ఇస్రాయేలూ," అన్నాడు. బట్టలూ అనలేదు, ఇస్రాయేలూ అన్నాడు.

మర్నాడు బండ్లు కడుతుంటే ఇస్రాయేలు బుక్కు తీసి కొత్త పీలిక అతికించాడు. ఎన్ని ముంతల నీళ్లకు ఎన్ని ముంతల కషాయమో సుక్కమ్మను అడిగి రాసుకున్నాడు. "గీ రంగుకు పేరేం రాయాలె?"

"మరకకు పేరేంది?" అన్నది సుక్కమ్మ.

ఆయన ఏదో రాసుకున్నాడు. చూపించలేదు.

వానలు పోయి చలిగాలి మొదలయ్యాక మద్రాసు నుంచి ఒక కార్డు వచ్చింది. అండాలు గుమ్మంలో కూర్చుని, మూట విప్పుతున్న సుక్కమ్మకు గట్టిగా చదివి వినిపించింది. అమ్మ మద్రాసు వచ్చిందని, సముద్రం చూసి గింత పెద్ద చెరువు ఎవరు తవ్విన్రు అన్నదని రాశాడు ఇస్రాయేలు. ఆ తర్వాత ఇలా ఉంది: "ఇక్కడ ఇప్పుడు మేము చాయపత్తి వాడుట లేదు. మీ రంగు ఉతుకుకు ఆగుతాంది. కెమెరామాన్ గారు బట్ట చూసి, దీనికి ఒక సుక్కమ్మ, దానికి రెండు సుక్కమ్మలు అంటరు. ఒక సుక్కమ్మ అనగా ఒకసారి ముంచినది. రెండనగా రెండుసార్లు. వేరే కంపెనీలవాళ్లు కూడా సుక్కమ్మ అనుటకు నేర్చినారు. వారిలో ఎవరికీ సుక్కమ్మ మనిషి అని తెలియదు. నాకు తెలుసు."

సుక్కమ్మ మూట మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగిరిపడేలా నవ్వింది.

"అంటే మద్రాసుల నన్ను దినాం ముంచి ఆరేస్తుండ్రా? గొంతుదాంక ముంచుతుండ్రో, నిండ ముంచుతుండ్రో!" నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ఊల్లె 'ఓ సాకలీ' అంటరు పంతులమ్మా. ఎక్కడ్నో ఏడ్నో ఉన్నోళ్లు పేరు పెట్టి పిలుస్తుండ్రు. మల్లొకపారి సదువు, ఆ ముక్క."

అండాలు మళ్లీ చదివింది. మూడోసారి కూడా చదివింది. సుక్కమ్మ మూట ఎత్తుకుని, వీధిలో కురుమయ్య కనబడితే "ఓ కురుమయ్యా, ఇన్నవా!" అని కేకేస్తూ పోయింది.

అండాలు గంగాళం తోముదామని లోపలికి వెళ్లింది. ఎంత తోమినా మెడ కింద ఒక లేత గోధుమరంగు గీత పోవడం లేదు. ఆరు నెలలుగా దానితో కుస్తీ. ఇవాళ ఆ గీత చుట్టూ వేలు తిప్పి, తోమకుండా వదిలేసింది. పేరు పెట్టి పిలిస్తే సుక్కమ్మ ఆయుష్షు పెరిగినట్టే ఉంది, తగ్గినట్టు లేదు. అటూ ఇటూ చూసి, ఖాళీ గంగాళంలోకి తల వంచి, గుసగుసగా, "రామచంద్రం," అన్నది.

ఇత్తడి ఆ పేరును పట్టుకుని, గుండ్రంగా తిప్పి, ఇంటి నిండా మోగించింది.

"అగో!" అని పక్కగదిలోంచి వినబడింది.